బండి మీద ఆఫ్‌రోడ్‌కి (గుట్టలు, మట్టి బాటలకు) రోడ్డు జాకెట్ చాలదా? పదిహేను వేలలో ఏ ఆర్మర్ (పడితే దెబ్బ తగలకుండా ఒంటికి వేసుకునే గార్డులు, ప్యాడ్లు) కొనాలి?

చాలదు తమ్ముడూ. నేను మహబూబ్‌నగర్ చుట్టుపక్కల గుట్టల్లో ఆరేళ్లుగా ఎక్స్‌పల్స్ బండి మీద తిరుగుతున్నా, ఒక దెబ్బ తిన్నాకే నాకూ తెలిసింది.

రెండేళ్ల కింద మే నెలలో కోయిల్‌సాగర్ అవతల మొరం బాటలో పోతున్నా. స్పీడ్ ఇరవై కూడా ఉండదు. వాగులో ఇసుక తగిలి ముందు చక్రం మెలిక తిరిగింది, ఎడమ వైపు బండరాయి మీద పడ్డా. మోకాలికి గార్డు లేదా అంటే ఉంది, పేద్ద ప్లాస్టిక్ చిప్ప ఉన్నదే. కానీ రెండు గంటల చెమటకు పట్టీలు జారి అది పిక్క మీదికి దిగిపోయింది. గార్డుకు గీత కూడా పడలేదు, మోకాలికి ఏడు కుట్లు. గొర్రెలు కాసే పెద్దాయన వచ్చి బండి లేపి, నన్ను కింది నుంచి పైదాకా చూసి, "ఇంత బందోబస్తు చేసుకున్నవ్, మోకాలు మర్చిపోయినవా బిడ్డా" అన్నాడు. ఆస్పత్రిలో ఎర్ర మొరం రాళ్లు ఒక్కొక్కటి పీకి స్టీలు ట్రేలో వేస్తుంటే టక్ టక్ మన్న చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

అందుకే కంపెనీ పేరు తర్వాత, ముందు అది జారుతుందా లేదా చూడు. షాపులోనే తొడుక్కొని గొంతుకు కూర్చో, లే, బండి పెగ్గుల (కాళ్లు పెట్టే కడ్డీల) మీద నిలబడినట్టు మోకాళ్లు వంచు, ఆ తర్వాత గార్డును చేత్తో గట్టిగా కిందికి గుంజు. కదిలితే వద్దు. షాపాయన విసుక్కుంటే విసుక్కోనీ, కుట్లు పడేది ఆయనకు కాదు.

లోపల లేబుల్ మీద సీఈ గుర్తు, ఈఎన్ 1621 ఉండాలి, అది బండి ఆర్మర్‌కు యూరప్ వాళ్ల టెస్టు ప్రమాణం. 1621-1 అంటే మోచేతులు, భుజాలు, మోకాళ్లకు, 1621-2 వీపుకు, 1621-3 ఛాతీకి. వీపు ప్యాడ్‌లో లెవెల్ 1 అయితే టెస్టులో లోపలికి దిగే దెబ్బ సగటున 18 కిలోన్యూటన్లు దాటకూడదు, లెవెల్ 2 అయితే 9, అంటే అంకె తక్కువైతే ఒంటికి తగిలే దెబ్బ తక్కువ. వీపుకు మాత్రం లెవెల్ 2 తీసుకో. చాలా జాకెట్లలో వీపు దగ్గర పెట్టేది ఉత్త స్పాంజి, పరుపు ముక్క లాంటిది, తీసి నొక్కి చూడు. ఛాతీకి వేసుకునే గట్టి ప్లాస్టిక్ రూస్ట్ గార్డులు మన ముందు పోయే బండి చక్రం ఎగజిమ్మే రాళ్లకోసం, అవి కట్టుకొని పడినా ఏమీ కాదనుకోకు.

మన ఎండల్లో దళసరి జాకెట్ వేసుకుంటే అరగంటలో విప్పేస్తావు, విప్పి వెనక కట్టుకున్న ఆర్మర్ సీటుకే రక్షణ. ఒంటికి అతుక్కునే జాలీ ఆర్మర్ షర్టు తీసుకో, పైన వదులు జెర్సీ. సర్కారు తుమ్మ ముళ్లకు జెర్సీ చిరిగితే చిరిగింది.

నీ పదిహేను వేలలో నేనైతే ముందు బూట్లు, మోకాలి గార్డులు, మిగిలినదాంట్లో షర్టు కొంటా. మెల్లగా పడినప్పుడు బండి వచ్చి కాలి మీదే పడుతుంది, చీలమండే పోతుంది. మనవాళ్లేమో బండికి క్రాష్ గార్డు, ఫాగ్ లైట్లు, స్టిక్కర్లకు ఇరవై వేలు పెట్టి కాళ్లకు స్పోర్ట్స్ షూ వేసుకొస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. ఇంకోటి, మోకాలి గార్డు ప్యాంటు లోపల వేసుకో, పైన వేస్తే గుడ్డతో పాటు అదీ తిరుగుతుంది. ప్యాంటు మాత్రం ఒక సైజు పెద్దది చూసుకో.