చర్చి స్కూల్లో హెచ్‌ఐవీ క్లాసు: పెద్దలను ఒప్పించడం ఎలా?

సిస్టర్, తిరుపతిలో మీ చర్చి స్కూల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు హెచ్‌ఐవీ గురించి చెప్పిద్దామంటే సంఘ పెద్దలు ఒప్పుకోవట్లేదన్నారు. ముందు తల్లిదండ్రులను విడిగా కూర్చోబెట్టండి. పిల్లలకు చెప్పబోయేదంతా వాళ్ల ముందే చెప్పించండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మాట్లాడటానికి రుయా ఆసుపత్రిలోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రం) కౌన్సెలర్‌ను అడగండి. పెళ్లిదాకా ఆగమని పాస్టర్ గారు చెప్తే చెప్పనివ్వండి, తప్పేం లేదు. కానీ కండోమ్ మాట, సూదుల మాట దాటేయొద్దు. భయపెట్టే ఫొటోలైతే అసలు వద్దు. పుట్టుకతోనే సోకి, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు వాడుతున్న బిడ్డ ఆ క్లాసులోనే ఉండొచ్చు కదా! ప్రశ్నలు పేరు లేకుండా చీటీల మీద రాయించండి. అక్కడికక్కడ రక్తపరీక్షలు పెట్టించకండి. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం పరీక్షకు సమ్మతి, ఫలితాల గోప్యత తప్పనిసరి. సందేహాలుంటే జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, ఉచితమే.