మందు కొట్టించకండి, ముందు రెక్కలు లెక్కపెట్టండి

బాల్కనీలో తులసి పూల మీద తేనెటీగలు తిరుగుతున్నాయి, పాపను కుడతాయేమోనని టెన్షన్‌గా ఉంది, మందు కొట్టించాలా అని అడిగారు. ఒక్క రోజు ఆగండి.

బెంగళూరులో మా ఇంట్లోనూ ఇదే గొడవ. అత్తయ్య చీపురుతో తరుముతుంటే నేను ఫొటో తీసి, పెద్దది చేసి చూశాను. రెక్కలు రెండే! తేనెటీగకు నాలుగుంటాయి. తలంతా కళ్లే, వాటి నిండా సన్నటి చుక్కలు. మీసాలు కనీకనిపించనంత పొట్టి. గాల్లో ఒకేచోట నిలబడి, చటుక్కున పక్కకు జరుగుతుంది. అది హోవర్‌ఫ్లై, అంటే ఈగే. కొండి లేదు, కుట్టదు. పిట్టలు జడిసి వదిలేస్తాయని తేనెటీగలా కనిపిస్తుంది, అంతే. కాళ్లకు పుప్పొడి మూటలు కనబడితే మాత్రం నిజం తేనెటీగే, పాపను కాస్త దూరంగా ఉంచండి.

మా అపార్ట్‌మెంట్ వెనక పాత గుల్మొహర్ తొర్రలో వాననీళ్లు, కుళ్లిన చెక్క కలిసి డికాక్షన్‌లా నల్లగా ఉండేవి. పుల్లతో కదిపితే తోకలున్న పురుగులు. ఈ ఈగల పిల్లలవి. ఆ తోక నిజానికి ఊపిరిగొట్టం. పురుగు అడుగున బురదలో తింటూ, గొట్టాన్ని పైకి సాచి గాలి పీలుస్తుంది. దోమలొస్తాయని ఆ తొర్రను సిమెంటుతో పూడ్చేశారు. దోమల భయం తప్పనను, మా ఇంట్లోనూ డెంగీ వచ్చింది. కానీ ఒక్కమాట అడిగి ఉంటే బాగుండేది. ఇప్పటికీ బాధగానే ఉంది.

స్కాట్లాండ్‌లో పైన్ హోవర్‌ఫ్లై అని ఒకటుంది. నల్లటి ఒళ్లు, వెనక నారింజ రంగు. దాని పిల్లలు పెరిగేది పైన్ మొద్దుల్లో కుళ్లి నీళ్లు నిలిచిన గుంటల్లో. ముదురు చెట్లు తగ్గి అలాంటి మొద్దులు కరువయ్యాయి. బ్రిటన్ మొత్తంలో కెయిర్న్‌గార్మ్స్ ప్రాంతంలోనే, వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లకు పరిమితమైంది. అక్కడి హైలాండ్ వైల్డ్‌లైఫ్ పార్క్ వాళ్లు జామ్ సీసాల్లో పైన్ పొట్టు, నీళ్లు నింపి పురుగులను పెంచి అడవిలో వదులుతున్నారు. మొద్దులకు రంపంతో గుంటలు కోసి మరీ ఇల్లు కట్టిస్తున్నారు. మనకేమో చెట్టు ఊరికే ఇస్తున్న తొర్ర అది.

తులసికి మందు వద్దు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి. మా పక్క కాంపౌండ్ వేపచెట్టుకు ఈమధ్యే ఒక తొర్ర పడింది. ఎవరైనా సిమెంటు తెస్తే ముందు నాకు ఫోన్ చేయమని వాచ్‌మన్‌కు చెప్పి ఉంచాను.