కరెంటు తీగలతో వలసల పటం

ప్రశ్న: మా పూర్వికులు నేతపని చేసుకుంటూ మద్రాసు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. లలితకళలు చదువుతున్న మా అమ్మాయి, రీనా సైనీ కల్లాట్ అనే కళాకారిణి కరెంటు తీగలతో చేసిన ప్రపంచపటం ఫొటో చూపించి, మా కుటుంబ వలస మీద తానూ అలాంటిదే చేస్తానంటోంది. బొమ్మ వేయడం చేతకానివాళ్ళే తీగలూ రబ్బరు స్టాంపులూ పట్టుకుంటారని నా అనుమానం. ఇది కళ ఎలా అవుతుంది?
– ఒక పాఠకురాలు, చింతాద్రిపేట, చెన్నై

జవాబు: ముందు మీ అనుమానం సంగతి. 1973లో ఢిల్లీలో పుట్టిన రీనా గారు ముంబయి జె.జె. కళాశాలలో చదివింది చిత్రలేఖనమే. 1996లో పట్టా పుచ్చుకున్నారు. కుంచె చేతిలో ఉండగా ఆవిడ తీగను ఎందుకు అందుకున్నారన్నది అడగవలసిన ప్రశ్న.

‘వోవెన్ క్రానికల్’ అనే ఆ పటం 2016లో న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చింది. ఒప్పంద కూలీలు, శరణార్థులు, ఉద్యోగార్థులు దేశాలు దాటిన దారులను ఆవిడ గోడ మీద రంగురంగుల తీగలతో అల్లారు. నడుమ అమర్చిన స్పీకర్లలో ఓడల కూతలు, ఫ్యాక్టరీ సైరన్లు, వలసపక్షుల అరుపులు కలగలిసి వినిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అక్కడక్కడ తీగ ముళ్ళకంచెలా మెలితిరిగి ఉంటుంది. దూరదేశం నుంచి మాటను మోసుకొచ్చే వస్తువుతోనే మనిషిని అడ్డగించే కంచెనూ చూపడం రంగులతో సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం. ఆ దారులు మనకు పరాయివి కావు: 1860లో ‘ట్రూరో’ ఓడ మద్రాసు రేవులో కూలీలను ఎక్కించుకొని నవంబరు 16న డర్బన్ చేరినప్పుడు అందులో తెలుగువారూ ఉన్నారు.

ఇక రబ్బరు స్టాంపు. ఫలానావాడు ఫలానా ఊరివాడని తేల్చేది ఆఫీసులో అదే కదా! 2013లో ముంబయి భావు దాజీ లాడ్ మ్యూజియం ముఖద్వారం మీద ఆవిడ, మారిపోయిన పాత వీధుల పేర్లు చెక్కిన స్టాంపులతో పెద్ద సాలెగూడు అల్లారు. అన్నాసాలైని ఇప్పటికీ మౌంట్ రోడ్డనే మనకు దాన్ని వివరించనక్కరలేదు.

అయితే తీగలను మాత్రం అరువు తెచ్చుకోవద్దని మీ అమ్మాయికి చెప్పండి. మీరుండే పేటే 1734లో గవర్నరు మోర్టన్ పిట్ హయాంలో నేతగాళ్ళ కోసం వెలిసినది. ‘చిన్నతరిపేట’, అంటే చిన్న మగ్గాల పేట, అన్నదే ఆ పేరుకు మూలమంటారు. మీ ఇంటి అటక మీద, మగ్గంలో నూలును అటూ ఇటూ నడిపే నాడె ఒకటి మిగిలే ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం, అమ్మాయి సర్టిఫికెట్టులో పేరుకు ముందున్న అక్షరం. తమిళనాట అది సాధారణంగా తండ్రి పేరులోని మొదటి అక్షరమే గనుక ఇంటిపేరు కాగితాల మీద లేకుండా పోతుంది. మీ ఇంటిపేరు చివరిసారి ఏ దస్తావేజులో కనిపించిందో వెతికించండి. దాని మీద స్టాంపు కూడా ఉండే ఉంటుంది.