రైతు భరోసాను నమ్ముకుని బోరుకు అప్పు చేయొచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా, దేవరకొండ దగ్గరి ఊరు. నాన్న పేరు మీద మూడెకరాల పత్తి చేను ఉంది. ఆయనకు 57 ఏళ్లు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలకు 5,000 ఇంటికి పంపుతున్నాను. రెండేళ్ల కింద తెచ్చిన లక్షకు మూడు రూపాయల మిత్తి కడుతున్నాం. 2025 జూన్‌లో ప్రభుత్వ పెట్టుబడి సాయం రైతు భరోసా 18,000 పడితే, మిత్తి బాకీ ఉందని ఆ రోజే మొత్తం కట్టేశాం. పది రోజులకే నాన్న జ్వరంతో ఆస్పత్రిలో చేరారు. 22,000 ఐదు రూపాయల మిత్తికి తెచ్చాం. అక్టోబరు చివర్లో మోంథా తుపాను వానలకు చేతికొచ్చిన పత్తి తడిసింది. నీళ్లుంటే యాసంగి కూడా పండించుకోవచ్చని నాన్న బోరు వేద్దామంటున్నారు. లక్షన్నర మూడు రూపాయలకు ఇస్తామన్నారు. రైతు భరోసా, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 42,000 వస్తాయి కదా, వాటితో తీర్చుకోవచ్చా? బోరు బండికి 5,000 బయానా కూడా ఇచ్చాం.

జవాబు: తీర్చలేరమ్మా. అసలు సంగతి అటుంచండి, మిత్తికే ఆ డబ్బు చాలదు. ఇప్పుడున్న లక్షకు నెలకు 3,000, ఆస్పత్రి అప్పుకు 1,100. ఏడాదికి 49,200. మీరు లెక్కవేసుకున్న 42,000 ఇప్పటికే దాటిపోయింది. బోరుకు లక్షన్నర తెస్తే మరో 54,000 కలుస్తుంది. మొత్తం 1,03,200. ఇంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. మూడు రూపాయలు అంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది. ఏడాదికి నూటికి 36. మీ మూడెకరాలకు రెండు సీజన్ల రైతు భరోసా కూడా సరిగ్గా 36,000. అంటే ఆ మొదటి లక్ష అప్పు ఉన్నంత కాలం ప్రభుత్వం వేసేది మీ ఖాతాలోనే అయినా, చేరేది మిత్తి వ్యాపారి ఇంటికి.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఇందుకే. నాకు ఉత్తరాలు రాసే రైతు కుటుంబాల్లో చాలా మంది ఈ పొరపాటే చేస్తున్నారు. ఇంకా పడని సాయాన్ని జీతంలా లెక్కగట్టి, దాని మీద కొత్త అప్పు చేస్తున్నారు. అది జీతం కాదు. 2024 వానాకాలానికి పెట్టుబడి సాయం రాలేదు. 2025 జూన్‌లో తొమ్మిది రోజుల్లో అందరి ఖాతాల్లో పడింది. రెండూ మీరు చూసినవే. పీఎం కిసాన్ 2,000 వాయిదా ఈకేవైసీ పూర్తి కాకపోతే ఆగిపోతుంది. మిత్తి అలా ఆగదు, ప్రతి నెలా ఒకటో తారీఖున వస్తుంది.

మరి ఈ సాయం దేనికి పనికొస్తుంది? చాలా పనికొస్తుంది, చేతిలో ఉంచుకుంటే. 2018లో ఎకరాకు సీజన్‌కు 4,000తో రైతుబంధుగా మొదలై, 5,000 అయి, 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో 6,000 అయింది. ఎకరం పత్తి పెట్టుబడిలో ఇది కొద్ది భాగమే. కానీ మిత్తి లేదు, తిరిగి కట్టేది లేదు, ఎవరి గుమ్మం ముందూ నిలబడే పని లేదు. విత్తనాల వేళకు చేతికొచ్చే అలాంటి డబ్బు ఇల్లు అప్పులో పడకుండా ఆపగలదు. మధ్యప్రదేశ్ పల్లెల్లో 2011-12 ప్రాంతంలో ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో నెలనెలా నగదు ఇచ్చి చూసింది. పెద్దలకు 200, తర్వాత 300, పిల్లలకు అందులో సగం. అంత చిన్న మొత్తంతోనే జనం అప్పులు తగ్గించుకున్నారు, పశువులు కొనుక్కున్నారు, కూలి మానుకుని సొంత చేలో ఎక్కువ రోజులు పనిచేశారు. ఇంట్లో నాలుగు రూపాయలు ఉన్నాయన్న ధీమా చేసే పని అది.

మీ జూన్ నెలనే చూడండి. 18,000 పడిన రోజే మొత్తం పాత మిత్తికి ఇచ్చేశారు. పది రోజులకు 22,000 అవసరమైంది. ఆ 18,000 అమ్మ దగ్గరే ఉండి ఉంటే ఐదు రూపాయలకు తెచ్చుకోవాల్సింది 4,000 మాత్రమే. పాత బాకీ ఆపినందుకు అప్పిచ్చినాయన మిత్తి మీద మిత్తి వేసినా నెలకు 540 పడేది. మీరిప్పుడు అదే 18,000కు నెలకు 900 కడుతున్నారు. నెత్తిన అప్పు పెట్టుకుని డబ్బు దాచుకోవడమేమిటని నాన్న అడుగుతారు. నూటికి 36 పడే అప్పును ముందు తీర్చడమే లాభమని కాగితం మీద లెక్క కూడా చెబుతుంది. అయితే ఆ లెక్కలో జ్వరం లేదు. చేతిలో ఏమీ లేని ఇంటికి కష్టం వచ్చినప్పుడు పాత రేటుకు కూడా అప్పు పుట్టదు. అవసరాన్ని చూసి రేటు పెంచుతారు. మీకు మూడు ఐదైంది అలాగే. ఆరోగ్యశ్రీ ఉన్నా ఆటోకు, పరీక్షలకు, మందులకు, అమ్మ కూలి పోయిన రోజులకు నగదే కావాలి.

కాబట్టి ముందు 20,000 కష్టకాలపు నిధి. ఆ తర్వాతే ఇంకేదైనా. ఇక నుంచి మీరు పంపే 5,000లో 2,000 దాన్లోకే వెళ్లాలి. పీఎం కిసాన్ మూడు వాయిదాలూ అందులోనే. ఈ రెండే ఏడాదికి 30,000 అవుతాయి. అంటే రైతు భరోసా ఆలస్యమైనా నిధి ఆగదు. భరోసా పడితే ముందుగా ఈ 20,000 నిండుతుంది, మిగిలిందంతా అసలుకు కట్టండి, మిత్తికి కాదు. కట్టేటప్పుడు అసలులో జమ రాయించుకుని నోటు వెనక సంతకం తీసుకోండి. నాన్నకు పంట రుణం ఖాతా ఉంటే నిధిని అందులో ఉంచొద్దు. అమ్మ పేరున పోస్టాఫీసులోనో వేరే బ్యాంకులోనో ఉంచండి. ఎరువుల బస్తాకు, పెళ్లి కట్నాలకు, పండగకు అందులోంచి తీయకూడదు. ఆస్పత్రికి, పశువుకు జబ్బు చేస్తే, పంట పోయిన నెలల్లో బియ్యానికి మాత్రమే తీయాలి. తీసిన ప్రతిసారీ తర్వాత వచ్చే సాయంతో మళ్లీ నింపాలి. లక్ష అప్పు తీరాక దీన్ని 50,000కు పెంచండి. ఈ ఒక్క పని చేస్తే చాలు, నేను చెప్పిన మిగతావి ఆలస్యమైనా ఫరవాలేదు.

పత్తి అమ్మగానే ముందు ఐదు రూపాయల 22,000 తీర్చేయండి. తేమ 12 శాతం దాటితే, మద్దతు ధరకు కొనే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. తడిసిన పత్తిని ఆరబెట్టి తీసుకెళ్లండి. 2025-26 సీజన్‌లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110. అప్పిచ్చినవాడికే పత్తి పోయాల్సి వస్తే ఈ ధర మీకు దక్కదు. అప్పుకు మిత్తే కాదు, ఈ నష్టమూ ఉంది.

నాన్న పేరున బ్యాంకు పంట రుణం ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే వచ్చే వానాకాలానికి ముందే వెళ్లండి. 7 శాతం వడ్డీ, గడువులోపు కడితే 4 శాతమే పడుతుంది. 2 లక్షల వరకు తాకట్టు అక్కర్లేదు. అప్పుడు విత్తనాలు, మందులు దుకాణంలో ఉద్దెరకు తేవాల్సిన అవసరం తప్పుతుంది, పత్తి డబ్బు పాత అప్పుకు మిగులుతుంది. అమ్మ మహిళా సంఘంలో ఉంటే సంఘాల మహిళలకు ఇచ్చే స్త్రీనిధి రుణం గురించి అడగండి. అమ్మ బంగారం బ్యాంకులో పెట్టినా ఈ మిత్తి కంటే ఎంతో నయం.

రైతు బీమా 5 లక్షలు 59 ఏళ్ల వరకే. నాన్నకు మిగిలింది రెండేళ్లు. నామినీగా అమ్మ పేరు ఉందో లేదో వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) దగ్గర చూసుకోండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమా 70 ఏళ్ల దాకా ఉంటుంది, అది కట్టండి.

ఇక బోరు. మీది గట్టి రాతి నేల. పక్క చేలో పడిన నీళ్లు మీ చేలో పడతాయని ఎవరూ రాసివ్వలేరు. నీళ్లు పడకపోతే గుంత మీకు, లక్షన్నర అప్పు మీకు. ఒకటి పడలేదని రెండోది వేసి, దానికీ అప్పు తెచ్చి, చివరికి చేనే అమ్ముకున్న వాళ్ల ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. నాన్నగారి ఆశ తప్పు కాదు, యాసంగి పంట ఉంటే ఇల్లు నిలబడుతుంది. అయితే అది సొంత డబ్బుతో, పాత అప్పులు తీరాక వేయాల్సిన బోరు. మూడు రూపాయల మిత్తితో కాదు. లక్షన్నర ఇస్తామన్నవాళ్లకు వద్దని ఈ వారమే చెప్పేయండి. బయానా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ 5,000 పోనివ్వండి కానీ, బండిని చేనులోకి రానివ్వకండి.