మ్యువాన్ మెసాన్ కాదు, లెప్టాన్

"లెప్టాన్లు, మెసాన్లు, బేరియాన్లు అని కణాలను విడదీసేది వాటి బరువును బట్టేనా? ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని అడిగారు. బరువును బట్టి కాదు. అనంతపురంలో 19 ఏళ్లు డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. ఈ ఒక్క తప్పును సరిదిద్దినన్ని సార్లు ఇంకేదీ సరిదిద్దలేదు.

పేర్లు పెట్టినప్పుడు మాత్రం బరువే చూశారు. తేలికైనది లెప్టాన్, నడిమిది మెసాన్, బరువైనది బేరియాన్. 1936లో ఆండర్సన్, నెడ్డర్‌మేయర్ కాస్మిక్ కిరణాల్లో మ్యువాన్‌ను కనిపెట్టారు. అది ఎలక్ట్రాన్‌కు సుమారు 207 రెట్లు బరువు, ప్రోటాన్ కంటే చాలా తక్కువ. నడుమ ఉంది కదా అని దాన్ని మెసాన్ అనుకుని, మ్యూ మెసాన్ అన్నారు. మన గైడ్లు అక్కడే ఆగిపోయాయి.

ఒకసారి తాడిపత్రి వైపు పల్లె నుంచి వచ్చే అమ్మాయి క్లాసయ్యాక గైడ్ పట్టుకొని వచ్చింది. పీజీ ప్రవేశ పరీక్ష దగ్గర పడింది, మొహంలో టెన్షన్. "సార్, ఇందులో మ్యూ మెసాన్ అని ఉంది, మీరేమో లెప్టాన్ అంటిరి. ఏది రాయల్ల సార్?" అంది. వాళ్లది శెనక్కాయ పండించే ఇల్లని తెలుసు. "మీ నాయన విత్తనానికి గింజలు ఏరేటప్పుడు జల్లెడతో సరిపెడతాడామ్మా?" అని అడిగాను. "లేదు సార్, చేత్తో ఏరతాడు. పొట్టు ఊడినవి, ముడతలు పడినవి తీసేస్తాడు. అవి సరిగా మొలవవు" అంది. "జల్లెడ సైజు చెబుతుంది, మొలిచేదీ మొలవనిదీ చెప్పదు. కణాలూ అంతే. ఎంతుందని కాదు, ఏం చేస్తుందని చూడాల" అన్నాను. ఆ అమ్మాయి గైడ్ మూసి, నోట్సు తీసింది.

ప్రోటాన్లను, న్యూట్రాన్లను కేంద్రకంలో కట్టిపడేసే ప్రబల బలం ఉంది. దానికి లోబడేవి హాడ్రాన్లు, వాటన్నిటి లోపలా క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి. మూడు క్వార్కులుంటే బేరియాన్, క్వార్కూ యాంటీక్వార్కూ జతగా ఉంటే మెసాన్. మ్యువాన్‌కు ఆ బలం అసలు పట్టదు, లోపల క్వార్కులూ లేవు. ఎలక్ట్రాన్ లాగే అది లెప్టాన్. 1947లో కాన్వెర్సి, పాన్‌చీని, పిచ్చోనీ ప్రయోగం ఫలితాలు దీన్నే బయటపెట్టాయి: కార్బన్‌లో ఆగిన రుణావేశ మ్యువాన్లు మెసాన్లే అయితే వాటిని కేంద్రకాలు మింగేయాల్సింది, చాలావరకు మింగలేదు. అదే ఏడు పావెల్ బృందం అసలు మెసాన్‌ను, అంటే పయాన్‌ను పట్టుకుంది. రాతిలో పయాన్ ఎంతో దూరం పోలేదు, కేంద్రకాలకు తగులుకుంటుంది. శక్తి ఎక్కువున్న మ్యువాన్ కిలోమీటర్ల రాయిని దాటుతుంది. వాటిని తప్పించుకోవడానికే 1965లో మన పక్కనున్న కోలార్ బంగారు గనుల్లో రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి, దేన్నీ అంత సులభంగా తాకని న్యూట్రినోలనే కణాల కోసం కాచుకున్నారు. బస్సెక్కితే చేరుకునే చోట ఇంత పని జరిగిందని మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఏ గైడ్‌లోనూ నాకది కనబడలేదు.

బరువు లెక్క పూర్తిగా కూలింది 1975లో. మార్టిన్ పెర్ల్ బృందం కనిపెట్టిన టౌ అనే కణం బరువు ప్రోటాన్‌కు దాదాపు రెండింతలు. అయినా అది లెప్టానే.

ఆ పరీక్షలో ఈ ప్రశ్న రానే వచ్చింది. ఆ అమ్మాయి లెప్టాన్ అని పెట్టింది. జవాబుల కీలో మెసాన్ అని ఇచ్చారు. నేను ఆధారాలతో అభ్యంతరం రాసి పంపితే జవాబే రాలేదు. సరైన జవాబు పెట్టిన పిల్లకు మార్కు పోవడం నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. గైడ్ల వాళ్లు అట్ట రంగు మార్చి కొత్త ఎడిషన్ అంటారు, లోపలి పట్టిక మాత్రం ముట్టుకోరు. పత్రికల మీద కూడా ఇలాంటి కోపమే ఉంది. 2012లో హిగ్స్ బోసాన్ దొరికినప్పుడు "దైవకణం" అని రాశారు. బోసాన్ అన్న పేరులో మన సత్యేంద్రనాథ్ బోస్ ఉన్నాడని పక్కనే ఒక్క వాక్యం రాస్తే ఎంత బాగుండేది!

మీకు కావాల్సిన గుర్తు: ప్రబల బలానికి లోబడుతుందా, లోపల ఎన్ని క్వార్కులున్నాయి, ఈ రెండూ అడగండి. ఫెర్మియాన్, బోసాన్ అన్నది స్పిన్ అనే మరో గుణాన్ని బట్టి చేసే వేరే విభజన, దీంతో కలపొద్దు. ముందు మీ గైడ్‌లో ఆ పట్టిక తీయండి. మ్యూ మెసాన్ అని ఉంటే పెన్నుతో కొట్టేసి, పక్కన లెప్టాన్ అని రాసుకోండి.