గుండె వీకైన మా నాయనకి ఐరన్ మాత్రలు ఎందుకు పని చేయలేదు?

ప్రశ్న: సార్, మాది తాడిపత్రి దగ్గర పల్లె. మా నాయనకి 63 ఏండ్లు, రెండేండ్ల కింద హార్ట్ ఎటాక్ వచ్చింది, అప్పట్నుంచి పంపింగ్ 35 శాతమే అంటున్నారు. మందులు టైముకి వేసుకుంటాడు, కాళ్ళ వాపు కూడా లేదు, కానీ చేని దాకా నడిస్తే చాలు గట్టు మీద కూలబడిపోతాడు. రక్తం తక్కువేమోనని మెడికల్ షాపులో ఐరన్ మాత్రలు తెచ్చి మూడు నెలలు వేశాం, మోషన్ నల్లగా గట్టిగా రావడం తప్ప ఏం మార్పు లేదు. మొన్న టెస్టులు చేయిస్తే హిమోగ్లోబిన్ 13.4, ఫెరిటిన్ 140, సీరం ఐరన్ 45, టిఐబిసి 320 వచ్చాయి. ఫెరిటిన్ నార్మలే అన్నారు ల్యాబులో. మాత్రలు ఇంకా వేయాలా?
- ఒక కూతురు, అనంతపురం జిల్లా

జవాబు: అంకెలన్నీ రాసి మంచి పని చేశావమ్మా. ఆ సీరం ఐరన్ (రక్తంలో తిరిగే ఐరన్) 45ని టిఐబిసి (రక్తం మొత్తం మోయగలిగే ఐరన్) 320తో భాగించి నూటితో గుణించి చూడు, 14 వస్తుంది. దాన్నే శాచురేషన్ అంటారు, అది 20 కన్నా తక్కువుంటే ఐరన్ చాలట్లేదని. ఫెరిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వని చూపే లెక్క, ల్యాబ్ కాగితం మీద అది నార్మల్ అని ఉండేది మామూలు మనిషి లెక్క. మీ నాయనలాగా పంపింగ్ తగ్గిన గుండె ఫెయిల్యూర్‌లో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) వల్ల ఫెరిటిన్ పైకి కనిపిస్తుంది, అందుకే వీళ్ళకి వేరే లెక్క పెట్టారు: 100 లోపుంటే లోపమే, 100 నుంచి 299 మధ్యుంటే శాచురేషన్ 20 లోపుందా అని చూడాలి. ఆ లెక్కన మీ నాయనకి లోపం ఉంది. హిమోగ్లోబిన్ బాగుంది కదా అంటావేమో, ఐరన్ రక్తానికి ఒక్కదానికే కాదు, కాళ్ళ కండకీ గుండె కండకీ శక్తి పుట్టాలన్నా అది కావాలి, గట్టు మీద కూలబడేది అందుకే కావచ్చు. గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఈ లోపం ఉంటుంది.

ఇక మాత్రలు. ఈ జబ్బులో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి పేగుల్లో ఐరన్‌కి తలుపేసేస్తుంది, మాత్ర మింగినా చాలావరకు మోషన్‌లోనే పోతుంది. 2017లో బయటికొచ్చిన అమెరికా పరిశోధనలో ఐరన్ మాత్రలు 150 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు 16 వారాలు ఇచ్చి చూశారు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకన్నా ఓపికేమీ పెరగలేదు. సంగటిలో బెల్లం కలిపి పెట్టినా ఈ లోటు పూడదు (షుగర్ ఉంటే అదొక కొత్త తంటా).

పని చేసేది నరానికి ఎక్కించే ఐరన్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ లాంటివి. పంపింగ్ తగ్గినవాళ్ళకి ఆయాసం తగ్గడానికి, నడక మెరుగవడానికి యూరప్ గుండె డాక్టర్ల గైడ్‌లైన్సే ఇవ్వమంటున్నాయి, ఆస్పత్రిలో చేరే అవసరం కూడా కొంత తగ్గుతుంది. ఆయుష్షు పెరుగుతుందని మాత్రం గట్టిగా తేలలేదు, ఎవరన్నా అలా చెప్తే నమ్మొద్దు. డోసు బరువు, హిమోగ్లోబిన్ చూసి కడతారు. అరుదుగా అలర్జీ రావచ్చు, ఎక్కించాక అరగంట కనిపెట్టుకోని ఉండాలి, కాబట్టి ఆస్పత్రిలోనే, ఊర్లో మంచం మీద బాటిల్ కట్టించుకునే పని కాదిది.

ఇంకోటి, ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా చూడాలి. హార్ట్ ఎటాక్ తర్వాత ఆస్పిరిన్ వాడుతుంటాడు కదా, కడుపులో కొద్దికొద్దిగా రక్తం పోతున్నా మాత్రల నలుపులో అది కలిసిపోయి మీకు తెలీదు. ఈ రిపోర్టు తీసుకోని గుండె డాక్టర్ని కలిసి ఐరన్ మాత్రలు ఆపే మాట అడగండి. ఆపిన వారానికీ మోషన్ నల్లగానే ఉంటే ఎండోస్కోపీ (గొట్టంతో కడుపులోపల చూసే పరీక్ష) గురించి అడగండి. తారులాగా జిగురుగా, చెడ్డ వాసనతో వస్తుంటే మాత్రం వారం ఆగొద్దు, ఆరోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపొద్దు.