తుపాకి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: ఒకసారి మొదలుపెడితే కింద పెట్టనివ్వని యాక్షన్, సాహస థ్రిల్లర్ నవలలు చెప్పగలరా? ఈమధ్య పేరున్నవే మూడు కొన్నాను. మూడూ సగంలో ఆగిపోయాయి. లోపం నాలో ఉందా?

మీలో ఏ లోపమూ లేదు. థ్రిల్లర్ సగంలో ఆగిపోయిందంటే ఆ పాపం రాసినవారిదే. కవిత్వానికి పాఠకుడు సిద్ధపడి రావాలంటే ఒప్పుకుంటాను. పరుగు, వేట, ప్రమాదం రాస్తానని కూర్చున్న మనిషి మాత్రం పాఠకుడి చెయ్యి పట్టుకుని లాక్కుపోవలసిందే.

నేను ఈ పుస్తకాలు చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. మధుబాబు గూఢచారి షాడో నవలలను పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని చదివినదాన్ని. ఏదైనా మంచి పుస్తకం చెప్పమని ఎవరిని అడిగినా నా చేతిలో కుటుంబ కథో ప్రేమకథో పెట్టేవారు, ఆడపిల్లకు ఈ తుపాకుల గోల ఎందుకన్నట్టు. ఆ ధోరణి ఇంకా పోలేదు, నా కోపమూ పోలేదు. వెనక ఎవరో తరుముతుంటే గుండె కొట్టుకోవడం అందరికీ ఒకేలా ఉంటుంది. సరే, అది వేరే సంగతి.

ఇన్నేళ్లు చదివినా, ఏది మంచి థ్రిల్లరో ఏది కాదో నాకు నిజంగా తెలిసింది మా నాన్న కంటి ఆపరేషన్ అప్పుడు.

నాన్నకు ఒక కంట్లో రెటీనా ఊడింది. ఆపరేషన్ చేసి కంట్లోకి గ్యాసు బుడగ ఎక్కించారు. ఆ బుడగ పైకి తేలి రెటీనాను కంటి వెనుక గోడకు అదిమి పట్టాలి. అలా జరగాలంటే మనిషి ముఖం నేలవైపు ఉండాలి. వారం పైగా, భోజనానికీ స్నానానికీ తప్ప, బోర్లా పడుకునే ఉండమన్నారు. నాన్న బతుకంతా ఫిట్టర్‌గా పనిచేసిన మనిషి. చేతులు ఊరికే ఉంటే ఆయనకు జ్వరం తగిలినట్టు ఉంటుంది. టీవీ లేదు, పేపరు లేదు, ఎదుట దిండు తప్ప ఏమీ లేదు. రెండో రోజుకే "ఏదైనా చదువమ్మా" అన్నారు. ఆయన నవలలు ముట్టిన మనిషి కాదు. జరగనివి చదివి ఏం చేసుకుంటాం అనేవారు.

ఆ సమయానికి నా చేతిలో ఉన్నది ఒక కొత్త ఇంగ్లీషు థ్రిల్లర్. పేరు చెప్పను. మంచం పక్కన నేల మీద కూర్చుని, అప్పటికప్పుడు తెలుగు చేసుకుంటూ చదవసాగాను. మూడో అధ్యాయంలో ఒక గోదాములో పోరాటం వచ్చింది. ఇద్దరు దుండగులు, కథానాయకుడు, అతను కాపాడవలసిన శాస్త్రవేత్త. పైన ఇనుప వంతెన, కింద నీళ్లు. నేను గొంతు పెంచి మంచి ఊపు మీద ఉన్నాను. దిండులోంచి నాన్న గొంతు వచ్చింది.

"ఆగమ్మా. తుపాకి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?"

వెనక్కి తిప్పి చూశాను. రెండు పేజీల కిందటే తుపాకి నీళ్లలో పడిపోయింది. ఇక్కడేమో కథానాయకుడు దాన్ని గురిపెడుతున్నాడు. ఇంకొకటి ఉందేమోనని అధ్యాయం మొదటికి వెళ్లి వెతికాను. లేదు.

"పోనీ. ఆ శాస్త్రవేత్త ఎక్కడున్నాడు? వంతెన మీదా, కిందా?"

అదీ దొరకలేదు. రచయిత ఆయన్ని తీసుకొచ్చి మరిచిపోయాడు.

"మూసెయ్యమ్మా. వాడికే తెలియదు" అన్నారు నాన్న.

ఒక్కదాన్నే చదువుకుని ఉంటే ఇవేవీ పట్టించుకునేదాన్ని కాదు. కళ్లు జారిపోతుంటాయి, ఆ జారడాన్నే ఉత్కంఠ అనుకుంటాం. నాన్న అలా వినడం లేదు. ఆయన ఆ గోదామును దిండు మీద నిలబెడుతున్నారు. ఒక్కో మనిషినీ, ఒక్కో వస్తువునూ తెచ్చి దాని చోట బిగిస్తున్నారు. ఒక బోల్టు తగ్గితే యంత్రం ముందు నిలబడినవాడికి తెలిసినట్టే ఆయనకు తెలిసిపోయింది.

ఆ రోజు నుంచి నాకు ఇదొక్కటే కొలత. పైకి చదివి వినిపించినప్పుడు, కళ్లు మూసుకుని వినేవారికి ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. తెలియకపోతే ఆ పుస్తకం ఎన్ని లక్షల ప్రతులు అమ్ముడైనా థ్రిల్లర్ కాదు. మీ మూడు పుస్తకాలూ ఇక్కడే తప్పి ఉంటాయి, నాకు సందేహం లేదు.

తెలుగు చేసుకుంటూ చదవడం వల్ల ఇంకో సంగతి బయటపడింది. "తలుపు తోసి, లోపలికి దూకి, దీపం ఆర్పి, గోడకు ఆనుకున్నాడు" అన్నామంటే ఆ నాలుగు పనులూ ఒక్కడే చేయాలి, అదే వరుసలో చేయాలి. నడుమ ఇంకొకడు వచ్చి దీపం ఆర్పాడంటే ఆ వాక్యం కుదరదు, వాడెవడో చెప్పి తీరాలి. ఇంగ్లీషు వాక్యంలో దూకుతూ, కాలుస్తూ, అరుస్తూ అన్నీ ఒకేసారి జరిగినట్టు రాసి, ఏది ముందో చెప్పకుండా తప్పించుకోవచ్చు. తెలుగులో పెట్టగానే ఆ తప్పించుకోవడం దొరికిపోతుంది. యాక్షన్ రాయడానికి తెలుగు సరిపోదనేవారు నాకు చాలామంది తగిలారు. వాళ్ల మాట పూర్తిగా తప్పు. తోసి, దూకి, ఆర్పి లాంటి మన అసమాపక క్రియల కంటే పోరాటానికి పనికొచ్చే పనిముట్టు మరొకటి నేను చూడలేదు.

మరునాడు అలమరలోంచి ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' తీశాను. 1971లో వచ్చిన నవల. ఫ్రాన్స్ అధ్యక్షుడు ద గాల్‌ను చంపడానికి ఒక కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకుంటారు. కథ ఇంతే. ద గాల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే, ఎవరి తూటా తగలకుండా కన్నుమూశాడు. అంటే ఈ పని జరగదని చదివేవారందరికీ ముందే తెలుసు. అంతకు ముందు, 1962 ఆగస్టు 22న, పారిస్ శివారులో పెటీ క్లమార్ అనే చోట ఆయన కారు మీద వందకు పైగా తూటాలు కురిపించారు. ఆయనా భార్యా బతికి బయటపడ్డారు. నవల ఆ నిజం దగ్గర మొదలై కల్పనలోకి జరుగుతుంది. ఎక్కడ జరిగిందో అతుకు కనిపించదు, ఎందుకంటే ఆ రోజుల్లో ఫోర్సైత్ పారిస్‌లో రాయిటర్స్ వార్తా సంస్థ విలేఖరి. ఈ నవలను 35 రోజుల్లో రాశాడు. చావడని అందరికీ తెలిసిన మనిషి హత్య గురించి ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపారు.

వాళ్లు ఆ వారం మా ఇంటికి వచ్చి ఉండవలసింది. రెండు పూటలా చదివించుకున్నారు నాన్న. "ఆయన చావడని తెలుసమ్మా. వీడు ఎక్కడ తప్పు చేస్తాడో తెలియాలి" అన్నారు. అడవిలో పుచ్చకాయ సన్నివేశం ఒకటి ఉంది. హంతకుడు తన కొత్త తుపాకికి గురి సరిచూసుకోవడానికి ఒక పుచ్చకాయకు ముఖం గీసి చెట్టుకు వేలాడదీస్తాడు. కాలుస్తాడు. నడిచి వెళ్లి తూటా ఎక్కడ తగిలిందో చూస్తాడు. వెనక్కి వచ్చి దూరదర్శిని మర కొంచెం తిప్పుతాడు. మళ్లీ కాలుస్తాడు, మళ్లీ నడుస్తాడు. అక్కడ పరుగు లేదు, శత్రువు లేడు, ఒక మనిషి ఓపికగా పనిచేసుకుంటున్నాడు అంతే. నేను చదువుతుంటే మంచం అంచు నుంచి వేలాడుతున్న నాన్న చెయ్యి గాలిలో మర తిప్పుతోంది. బొటనవేలు, చూపుడువేలు, సన్నగా. మూడోసారి కాల్చినప్పుడు ఆయన ఊపిరి బిగపట్టడం నాకు వినిపించింది. తుపాకులంటే ఇష్టమై కాదు, ఆయన ఈగను కూడా కొట్టరు. పని తెలిసినవాణ్ణి పనిలో చూస్తే ఆయనకు అలా అవుతుంది. ఆ హంతకుడు దుర్మార్గుడని తెలిసీ వాడి పని చెడకూడదని మనసు కోరుకుంటుంది, తర్వాత అలా కోరుకున్నందుకు సిగ్గేస్తుంది. ఆ రెండింటి మధ్య పాఠకుణ్ణి నిలబెట్టడమే గొప్పతనం. పేలుళ్లు ఎన్ని పెట్టినా అది రాదు.

ఇక మీరు అడిగిన జాబితా. మొదట ఇదే చదవండి. తర్వాత అలిస్టర్ మెక్లీన్ 'ది గన్స్ ఆఫ్ నవరోన్', 1957 నాటిది. రాత్రివేళ, వానలో, సముద్రం మీదికి నిలువుగా దిగిన కొండను ఎక్కే భాగం చదివితే మీ వేళ్లు నొప్పి పుడతాయి. ఆ బృందంలో ఒకడి కాలు విరుగుతుంది. అక్కడి నుంచి ప్రతి పేజీలోనూ వాణ్ణి మోయాలి. ఇప్పటి నవలల్లో కథానాయకుడు మూడంతస్తుల నుంచి పడి, బట్టలు దులుపుకుని, మరుసటి పేజీలో గోడ ఎక్కుతాడు. నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, గాయం అధ్యాయం మారగానే మానిపోతుంది. శరీరానికి ఏమీ కాని మనిషి గురించి మనం ఎందుకు భయపడాలి? మెక్లీన్ రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేశాడు, ఆర్కిటిక్ సముద్రంలో సరుకు ఓడల కాన్వాయ్‌ల వెంట తిరిగాడు. ఆ చలి మొత్తం 1955లో వచ్చిన తన మొదటి నవల 'హెచ్.ఎం.ఎస్. యులిసిస్'లో పెట్టాడు. అది నవరోన్ కంటే బరువైన పుస్తకం, దాన్ని మూడోది చేసుకోండి.

ఒక్క రోజులో ముగిసేది కావాలంటే జాన్ బకన్ 'ది థర్టీ నైన్ స్టెప్స్', 1915. బకన్ జబ్బుపడి మంచం మీద ఉండగా రాశాడు. ఒకవైపు పోలీసులు, మరోవైపు గూఢచారులు తరుముతుంటే ఒక మామూలు మనిషి దాక్కోవడానికి చెట్టు కూడా లేని కొండల మీద పరుగెత్తుతాడు. ఇప్పుడు వచ్చే పారిపోయే కథలన్నీ దీని పిల్లలే. యాదృచ్ఛికాలు ఎక్కువని విమర్శిస్తారు, నిజమే, నాకేమీ అడ్డం రాలేదు.

స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' పిల్లల పుస్తకమని పక్కన పెట్టకండి. 1881లో తన సవతి కొడుకు కోసం ఒక దీవి పటం గీశాడు, ఆ పటంలోంచి కథ పుట్టింది. పుస్తకంగా వేసేటప్పుడు అసలు పటం పోయింది, నవలను చూసుకుంటూ మళ్లీ గీయవలసి వచ్చింది. గీయగలిగాడు! అంటే మాటల్లోనే దీవి అంతా ఉందన్నమాట. మా నాన్న అడిగిన ప్రశ్న ఎవరైనా స్టీవెన్సన్‌ను అడిగి ఉంటే తడుముకోకుండా జవాబు చెప్పేవాడు. థ్రిల్లర్ రాయాలనుకునేవారు పాత్రల కంటే ముందు పటం గీసుకోవాలని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఈ పుస్తకాలు కొన్నాక వెనక అట్ట చదవకండి. వంద పేజీల తర్వాత తెలియవలసిన ద్రోహాన్ని నాలుగు వాక్యాల్లో అక్కడ అచ్చు వేస్తారు. పుస్తకాన్ని ప్రేమించే మనిషి ఆ పని చేయడు. అలాగే "చివరి మలుపు ఊహించలేరు" అని ఎవరైనా సూచిస్తే ఆ పుస్తకం తీసుకోకండి. ఆ మాట విన్నవారు కథ వదిలేసి మలుపు కోసం కాపలా కాస్తారు. నేను ఎవరికైనా పుస్తకం ఇస్తే ఒక్క సన్నివేశం చెబుతాను, అదీ మొదటి సగంలోది. మీకు పుచ్చకాయ చెప్పాను, ఆ తుపాకి సంగతి మాత్రం ఒక్క ముక్క చెప్పను.

ఎనిమిదో రోజు డాక్టరు చూసి ఇక కూర్చోవచ్చు అన్నారు. అప్పటికి జాకాల్ చివరి అధ్యాయం మిగిలి ఉంది. నాన్న కుర్చీలో కూర్చున్నారు, నేను మొదలుపెట్టాను. అర పేజీ అయ్యాక చెయ్యెత్తి ఆపమన్నారు. లేచి వెళ్లి మంచం మీద బోర్లా పడుకుని, ముఖం దిండులో పెట్టుకున్నారు.

"కూర్చుంటే ఆ వీధి సరిగ్గా కనిపించడం లేదమ్మా. ఇప్పుడు చదువు."

చదివాను. పూర్తయ్యాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మీరు అడిగిన ప్రశ్నే అడిగారు, ఇలాంటిది ఇంకొకటి ఉందా అని. ఆ రాత్రే నవరోన్ మొదలుపెట్టాం.